డబ్బిచ్చి కొన్న ఆట ఎవరిది?

మొన్న వేసవి సెలవులకు తెనాలి వెళ్లినప్పుడు అటక మీద నుంచి నా పాత వీడియో గేమ్ దించాను. అట్టపెట్టె ఎప్పుడో చెదలు పట్టి పోయింది. లోపలి సామాను మాత్రం అమ్మ ఒక పాత తువ్వాలులో చుట్టి, ఇత్తడి బిందెల వెనక పదిలంగా పెట్టింది. 1996లో ఏడో తరగతి పరీక్షలయ్యాక నాన్న విజయవాడ తీసుకెళ్లి బీసెంట్ రోడ్డులో కొనిచ్చిన పెట్టె అది. రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకి, పసుపు రంగు క్యాసెట్ ఒకటి.

అడాప్టర్ చచ్చిపోయింది. గాంధీ చౌక్ దగ్గర రేడియోలు బాగుచేసే షాపులో 9 వోల్టులది ఇంకోటి దొరికింది. క్యాసెట్ అడుగున ఉండే లోహపు పట్టీలు నల్లబడ్డాయి. వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. చిన్నప్పుడైతే ఉఫ్ ఉఫ్ అని ఊదేవాళ్లం. నోటి తడి తగిలితే ఆ పట్టీలు ఇంకా పాడవుతాయనీ, ఊదడం వల్ల కాక, తీసి మళ్లీ పెట్టడం వల్లే ఆట పలికేదనీ పెద్దయ్యాక తెలిసింది. మేడ మీద గదిలో పాత డబ్బా టీవీ ఇంకా పనిచేస్తోంది. వైరు యాంటెన్నా సాకెట్లో గుచ్చి ట్యూనింగ్ తిప్పుతూ పోతే, చుక్కలు చుక్కలుగా గోల పెడుతున్న తెర మీద ఒక్కసారిగా ఆటల జాబితా వచ్చి నిలబడింది. వెనక అదే పాట. 29 ఏళ్ల తర్వాత.

మా పాపకు పదేళ్లు. పక్కనే కూర్చుని ఇదంతా చూస్తోంది. "అప్‌డేట్ అవ్వాలా నాన్నా?" అని అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. "మరి లాగిన్?" అదీ అక్కర్లేదు. "అయితే ఇప్పుడే ఆడెయ్యొచ్చా?" అంటూ రిమోట్ అందుకుంది.

ఆ మూడు ప్రశ్నలు నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. పాత ఆటలే ఆటలు, ఇప్పటివన్నీ చెత్త అనేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. హైదరాబాద్‌లో మా ఇంట్లో సోనీ వాళ్ల గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 5 ఉంది. అదన్నా నాకు ప్రాణమే. నా బాధ ఆటల బాగోగుల గురించి కాదు. కొన్నవాడు ఎవరి అనుమతీ అడగకుండా ఆడుకోగలగడం, ఆడాక ఆ ఆటను ఇంకొకరి చేతిలో పెట్టగలగడం, తన తర్వాత తన పిల్లలకు మిగల్చగలగడం, ఈ గుణం ఆ పాత పెట్టెకు పుట్టుకతో ఉంది. కొత్త పెట్టెల్లో అది ఏటికేడాది తగ్గిపోతోంది. దీన్ని మనం చూస్తూ ఊరుకుంటున్నాం.

ఇంతకీ మేం వీడియో గేమ్ అని పిలుచుకున్న ఆ పెట్టె నకలు. అసలుది జపాన్ ఆటల కంపెనీ నింటెండో 1983 జులైలో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఫ్యామికామ్. రెండేళ్ల తర్వాత అదే ఎన్ఈఎస్ పేరుతో అమెరికా వెళ్లింది. మన ఊళ్ల దాకా వచ్చినవి మాత్రం తైవాన్‌లో, చైనాలో చేసిన నకళ్లు. క్యాసెట్ల మీద 9999 ఇన్ 1 అని రాసుండేది. నిజంగా ఉండేవి ఓ పాతిక ఆటలు, అవే పేర్లు మార్చుకుని, స్టేజీలు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. కిందికి నొక్కుకుంటూ పోతే 9999 దాకా నిజంగానే అంకెలు ఉంటాయి. అన్నయ్యా నేనూ ఒక మధ్యాహ్నమంతా నొక్కి చూశాం.

ఆట నడిచేటప్పుడు ఆ యంత్రం వాడుకునే మెమరీ 2 కిలోబైట్లు. సూపర్ మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. బొమ్మలు, పాటలు, 32 స్టేజీలు, అన్నీ కలిపి. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ కంప్యూటర్‌లో సాధారణంగా మూడు బైట్లు పడుతుంది. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసమే ఇంచుమించు మారియో ఆట అంత చోటు తింటుంది. అంత ఇరుకులో ఎలా పట్టించారో పాపకు చూపించాను. మారియో నెత్తి మీద తెల్లటి మబ్బు ఉంటుంది, కాళ్ల దగ్గర పచ్చటి పొద ఉంటుంది. ఈసారి ఆడినప్పుడు ఆ రెండింటి అంచులు చూడండి. రెండూ ఒకే బొమ్మ. రంగు ఒక్కటే తేడా. పైన పెడితే మబ్బు, కింద పెడితే పొద. పాప తెరకు ముక్కు ఆనించి చూసి "అవును నాన్నా, అదే!" అంది. నాకు ఆ సంగతి తెలిసింది ముప్ఫై ఏళ్లు దాటాక. చిన్నప్పుడు కొన్ని వందల గంటలు ఆ పొదల ముందు పరిగెత్తాను, ఒక్కసారి కూడా గమనించలేదు. లేమిని అంత అందంగా దాచినవాళ్ల మీద నాకు గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

తుపాకి విషయం ఇంకా చిత్రం. బాతుల ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడుతుంది, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకి గొట్టంలో వెలుగును పట్టే కన్ను ఒకటి ఉంటుంది. దానికి ఆ తెలుపు కనబడితే బాతు పడినట్టు. తుపాకిలోంచి ఏమీ బయటికి రాదు, అది చూస్తుందంతే. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ టీవీకి తగిలించి చూస్తే ఒక్క బాతూ పడలేదు. కొత్త టీవీలు బొమ్మను తెర మీదికి తేవడానికి తీసుకునే కాస్త ఆలస్యం ఈ లెక్కను చెడగొడుతుంది. పాత ఆట బతకాలంటే పాత టీవీ కూడా బతకాలన్నమాట. ఆటను కాపాడటం అంటే క్యాసెట్ ఒక్కటి దాచడం కాదని నాకు అక్కడ అర్థమైంది.

ఇక కాంట్రా, ఇద్దరు సైనికులు తుపాకులతో శత్రువుల మీదికి పోయే ఆట. మూడో స్టేజీ జలపాతం. అక్కడ ఆట పక్కకు కాకుండా పైకి సాగుతుంది. ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకడు తొందరపడి పై రాయి ఎక్కాడంటే తెర అతనితో పాటు పైకి జరుగుతుంది, కింద ఉండిపోయినవాడు తెర అంచు తగిలి చచ్చిపోతాడు. శత్రువు అక్కర్లేదు, తోడున్నవాడి ఆత్రమే చంపుతుంది. అన్నయ్య మా పెద్దనాన్న కొడుకు, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. "ఒరేయ్ ఆగరా, ఎక్కకు, నేనొచ్చేదాకా ఎక్కకు!" అని అరిచేవాడు. నేను ఎక్కేసేవాణ్ని. రిమోట్ వైరుతో వీపు మీద ఒకటి పడేది. వారం రోజులు అలా పోట్లాడుకుని చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి రాయి దగ్గరా ఇద్దరం నిలబడాలి, అన్నయ్య "ఊ" అనాలి, అప్పుడు కలిసి దూకాలి. ఆ వేసవిలో ఆ స్టేజీ ఒక్క లైఫ్ కూడా పోకుండా దాటిన రోజు నాకు బాగా గుర్తు. బయట అమ్మ ఆవకాయ ముక్కలు ఆరబెడుతోంది. మేం అరిచిన అరుపుకు ఏమైందోనని పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చింది.

మా క్యాసెట్లో కాంట్రా రెండు చోట్ల ఉండేది, ఒకటి మామూలుది, ఇంకోటి 30 లైఫ్‌లది. ఆ 30 లైఫ్‌లు ఎక్కడివో తర్వాత తెలిసింది. కాంట్రా చేసిన కోనామీ కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమొతో 1986లో గ్రేడియస్ ఆటను ఫ్యామికామ్‌కు మారుస్తున్నప్పుడు, పరీక్షించి చూడటానికి అది తనకే మరీ కష్టంగా ఉందని ఒక రహస్య మీటల వరుస పెట్టుకున్నాడు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. విడుదలకు ముందు అది తీసెయ్యలేదు. అదే తర్వాత కాంట్రాలోకీ వచ్చింది, మా బోటి పిల్లలకు 30 లైఫ్‌లు పెట్టింది. ఆయన 2020లో కన్నుమూశారని చదివిన రోజు ఆ పది మీటలు వేళ్లతో బల్ల మీద కొట్టుకున్నాను.

ట్యాంకుల ఆటలో కన్‌స్ట్రక్షన్ అని ఒకటి ఉండేది. ఇటుకలు, ఇనుప దిమ్మలు, నీళ్లు పేర్చుకుంటూ మ్యాప్ మనమే కట్టుకోవచ్చు. అడ్డంగా 13 గళ్లు, నిలువుగా 13 గళ్లు. అన్నయ్య పేరు ర అక్షరంతో మొదలవుతుంది. నిండు ఇటుకలు, సగం ఇటుకలు వాడి వాడు ఆ గళ్లలో తెలుగు ర కట్టాడు. సున్న గుండ్రంగా రాలేదు, మూలలు మూలలుగా వచ్చింది. తలకట్టు మాత్రం చక్కగా కుదిరింది. రెండు గంటలు పట్టింది. నీళ్లు తాగి వచ్చేలోగా కరెంటు పోయింది. దాచుకునే దారి ఆ పెట్టెలో లేదు. కరెంటు వచ్చాక వాడు మళ్లీ కట్టలేదు, నేను బతిమాలినా కట్టలేదు.

ఈ కరెంటు సంగతి ఎందుకు చెప్పానంటే, ఆ రోజుల్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు దాన్ని మర్చిపోతారు. సేవ్ అన్నది లేకపోవడం చిన్న విషయం కాదు. చాలా పాత ఆటలు గట్టిగా చూస్తే గంట, గంటన్నరలో అయిపోయేవి. అంత తక్కువ ఆటను నెలల తరబడి సాగదీయడానికి దాన్ని అన్యాయంగా కష్టం చేసేవారు. గోస్ట్స్ అండ్ గాబ్లిన్స్ అనే ఆటలో చివరిదాకా వెళ్తే, ఇదంతా మాయ, మళ్లీ మొదటి నుంచి ఆడు అంటుంది. రెండుసార్లు గెలిస్తేనే గెలుపు. నేను దాన్ని నైపుణ్యానికి పరీక్ష అనలేను. పిల్లల ఓపికను పిండుకోవడమది. అయితే ఆ కాలం ఆటల్లో అడుగు కనబడనంత లోతు ఉన్నవీ ఉన్నాయి. పైనుంచి పడే దిమ్మలను పేర్చే ఎన్ఈఎస్ టెట్రిస్ 1989లో వచ్చింది. 2023 డిసెంబర్‌లో ఓక్లహోమాకు చెందిన 13 ఏళ్ల కుర్రాడు దాన్ని 157వ లెవెల్ దాకా ఆడి, ఆట బిగుసుకుపోయేలా చేశాడు. 34 ఏళ్లలో ఆ అంచు చూసిన మొదటి మనిషి వాడే. వాడు పుట్టకముందే ఆ యంత్రం దుకాణాల్లోంచి మాయమైంది. అయినా వాడి చేతికి ఆట అందింది. ఆ అందడమే నాకు కావాల్సింది.

ఇప్పటి ఆటలు చేసిన మేలు కూడా మనసారా చెప్పాలి. ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో 60కి పైగా సౌలభ్య సెట్టింగులు పెట్టారు. చూపు బొత్తిగా లేనివాళ్లు కూడా శబ్దాన్ని బట్టి ఆ ఆటను చివరిదాకా ఆడగలిగారు. 2018లో మైక్రోసాఫ్ట్, 2023లో సోనీ, వేళ్లతో మామూలు కంట్రోలర్ పట్టుకోలేనివాళ్ల కోసం ప్రత్యేకమైన కంట్రోలర్లు తెచ్చాయి. మా పెదనాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, మేం ఆడుతుంటే తలుపు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తూ ఉండేవాడు. ఆయన ఆడొచ్చన్న ఆలోచనే ఆ రోజుల్లో మాకెవరికీ రాలేదు. ఆటల ప్రపంచం అంత దూరం నడిచి వచ్చినందుకు నాకు సంతోషం.

ఒకే సోఫా మీద కూర్చుని ఆడే ఆటలు తగ్గిపోయాయన్న బాధ ఒకటుంది. దానికీ ఎదురు నిలబడినవాళ్లు ఉన్నారు. 2021లో హేజ్‌లైట్ స్టూడియో వాళ్ల ఇట్ టేక్స్ టూ అనే ఆట వచ్చింది. ఒంటరిగా ఆడటానికి అందులో వీలే లేదు. అదే ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో మేటి ఆటగా నిలిచింది. పాపా నేనూ దాన్ని రెండు నెలలు ఆడాం. కాంట్రా జలపాతం దగ్గర అన్నయ్య అన్న "ఊ" నేను మళ్లీ అక్కడే విన్నాను.

ఇక నా కడుపుమంట.

పోయిన ఏడాది పాప పుట్టినరోజుకు ఒక పెద్ద కంపెనీ ఆట డిస్క్ కొన్నాను. ఐదు వేలకు దగ్గర పడింది. అపార్ట్‌మెంట్ పిల్లలు ఆరుగురు హాల్లో చేరారు. కేకు కోయడం అయ్యింది, డిస్క్ పెట్టాం. కాసేపు ఏదో ఎక్కించుకున్నట్టు చేసి, మిగతాది ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలని చెప్పింది. 70 గిగాబైట్ల పైన. ఆ రోజు పొద్దున్నే మా వీధిలో డ్రైనేజీ తవ్వకంలో ఫైబర్ కేబుల్ తెగింది. ఫోన్ డేటా పెట్టి చూశాను, రెండు శాతం దగ్గర ఆగింది. పాప డిస్క్ బయటికి తీసి, వెనక్కి తిప్పి వెలుగులో చూసింది. "ఇందులో ఆట లేదా నాన్నా?" అంది. పిల్లలందరి ముందూ దానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. డబ్బు పోయినందుకు కాదు. చేతిలో ఉన్న వస్తువు ఖాళీ అని ఒక పిల్లకు చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టమనిపించింది.

ఆ సాయంత్రం నిలబెట్టింది ఆస్ట్రోస్ ప్లేరూమ్. ప్లేస్టేషన్ 5తో పాటే పెట్టెలో వచ్చే ఆట, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఒక్కొక్కరు ఒక్కో లైఫ్ చొప్పున రిమోట్ మార్చుకుంటూ ఆడారు. అందులో వాన పడే చోటు ఉంది. చినుకులు గొడుగు మీద పడ్డట్టు రిమోట్ అరచేతుల్లో చిన్నగా తడుతుంది. ఆ చోటు వచ్చినప్పుడు పిల్లలు ఆడటం మానేసి రిమోట్‌ను చేతులు మార్చుకుంటూ వానను పట్టుకున్నారు. ఆట పొడుగునా పాత ప్లేస్టేషన్ సామాను దొరుకుతూ ఉంటుంది, చివర్లో వచ్చే పెద్ద రాక్షసబల్లి 1990లలో మొదటి ప్లేస్టేషన్ డెమో డిస్కులో చూపించిన బొమ్మ. పాతదాన్ని అంత ప్రేమగా తలుచుకోగలిగిన పరిశ్రమే, పాతదాన్ని అంత తేలిగ్గా పారేస్తోంది కూడా.

తేలిగ్గా అన్నది కోపంతో కాదు. ది క్రూ అనే కార్ల ఆటను యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో అమ్మింది. 2024 మార్చి 31న సర్వర్లు, అంటే ఆటను నడిపే తన కంప్యూటర్లు, ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే భాగానికి కూడా సర్వర్ కావాలి కనుక డిస్క్ ఉన్నవాళ్ల దగ్గరా ఆట మిగల్లేదు. ఆ వెంటనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ పేరుతో ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌కు ఆ ఉద్యమం పెట్టిన అర్జీ మీద 2025 జులై నాటికి 10 లక్షల సంతకాలు దాటాయి. వాళ్లు కోరేది ఒక్కటే. సర్వర్లు కలకాలం నడపమని కాదు, ఆపేసే రోజున ఆటను ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమని. కాలిఫోర్నియాలో 2024 సెప్టెంబర్‌లో ఒక చట్టం చేశారు. డిజిటల్ వస్తువు పక్కన కొనండి అని రాస్తే, మీకు దొరికేది లైసెన్స్ మాత్రమేనని కూడా స్పష్టంగా చెప్పాలి. అంటే ఇన్నాళ్లూ మనం కొన్నామనుకున్నది కొనడం కాదని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టే.

2013 గుర్తున్నవాళ్లకు ఇది ఇంకా బాధగా ఉంటుంది. ఆ ఏడాది తన గేమ్ యంత్రం ఎక్స్‌బాక్స్ వన్ వస్తున్నప్పుడు డిస్క్ ఇచ్చిపుచ్చుకోవడం మీద మైక్రోసాఫ్ట్ ఆంక్షలు పెట్టబోయింది. జనం భగ్గుమన్నారు. సోనీ ఒక చిన్న వీడియో వదిలింది: ప్లేస్టేషన్ 4లో ఆటను స్నేహితుడితో ఎలా పంచుకోవాలి? ఒకతను డిస్క్ పెట్టె ఇంకొకతని చేతికి ఇస్తాడు, అతను థాంక్స్ అంటాడు, వీడియో అయిపోతుంది. కొన్ని రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. నేను ఆఫీసులో కూర్చుని ఆ వీడియో పదిసార్లు చూసుంటాను. అదే సోనీ 2024 నవంబర్‌లో ప్లేస్టేషన్ 5 ప్రోను డిస్క్ డ్రైవ్ లేకుండా అమ్మింది, కావాలంటే విడిగా కొనుక్కోమంది. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కోసం గేమ్ కీ కార్డు అని ఒకటి తెచ్చారు. చూడటానికి క్యాసెట్టే. లోపల ఆట ఉండదు, దింపుకోవడానికి తాళంచెవి ఉంటుంది. 1996లో నాన్న కొనిచ్చిన నకలు క్యాసెట్లో కనీసం ఓ పాతిక ఆటలు నిజంగా ఉన్నాయి.

నాకు ఎదురు చెప్పేవాళ్ల మాటల్లోనూ న్యాయం ఉంది. డిస్క్ తయారీకి, రవాణాకు ఖర్చు. చిన్న స్టూడియోలు డిజిటల్ దుకాణాలు లేకపోతే పుట్టేవే కావు. నెలకు కొంత కడితే వందల ఆటలు ఆడుకోవచ్చన్న సబ్‌స్క్రిప్షన్, ఐదు వేలు పెట్టి ఒక ఆట కొనలేని విద్యార్థికి నిజంగా వరమే. మా మేనల్లుడు అలాగే ఆడతాడు, వాణ్ని నేను ఒక్క మాట అనను. అద్దెకు తీసుకున్నది అద్దె అని చెబితే ఎవరికీ గొడవ లేదు. లైబ్రరీ పుస్తకం తిరిగి ఇచ్చేస్తే ఎవరూ ఏడవరు. అద్దె వస్తువును పూర్తి ధరకు అమ్మి, దాని మీద సొంతం అనే మాట అతికించడం తప్పు అంటున్నాను. పుస్తకం కొన్నాక ప్రచురణకర్త మన అల్మరాలోకి వచ్చి దాన్ని తీసుకెళ్లడు. ఆటకు మాత్రం అది ఎందుకు సబబు కావాలి?

నేనూ శుద్ధపూసను కాను, ఇది దాచడం తప్పు. 2007లో ఇంజినీరింగ్ అయ్యి ఉద్యోగంలో చేరాక ప్లేస్టేషన్ 2, అంటే పీఎస్2, కొన్నాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఒక కుర్రాడి చేత చిప్ వేయించి, కాపీ డిస్కులే ఆడాను. నా బ్యాచ్‌లో ఒరిజినల్ డిస్క్ ముఖం చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ ఆటలు చేసినవాళ్లకు నా నుంచి ఒక్క రూపాయి వెళ్లలేదు. ఇప్పుడు కొంటున్నాను, కొనాలి కూడా. కానీ ఇంకో నిజం కూడా ఉంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని తేలింది. పరిశోధకులు ఇంటి నుంచే చదువుకునేలా లైబ్రరీలు ఆ ఆటలను అందించడానికి అనుమతి అడిగితే, 2024 అక్టోబర్‌లో అమెరికా కాపీరైట్ ఆఫీసు ఒప్పుకోలేదు. అమ్మరు, ఇంకొకరిని అందించనివ్వరు. అలాంటి చోట పాత ఆటలను బతికించింది ఎవరు? చాలాసార్లు నకళ్లు తీసినవాళ్లే. ఇది చెప్పడానికి నాకు గర్వంగా లేదు, కానీ నా బాల్యమంతా అలాగే బతికి ఉంది.

మనకు ఇది పరాయి గొడవ కూడా కాదు. 2009లో హనుమాన్: బాయ్ వారియర్ అని పీఎస్2 ఆట వచ్చింది. పూర్తిగా భారతదేశంలో తయారైన మొదటి కన్సోల్ (గేమ్ యంత్రం) ఆటగా దాన్ని చెబుతారు. చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. అదే ఏడాది దేశీ అడ్డా వచ్చింది. కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు. అదీ హైదరాబాద్‌దే, గేమ్‌శాస్త్ర వాళ్లది. రెండూ గొప్ప ఆటలు కావు. హనుమాన్‌లో కెమెరా ఒక పట్టాన మాట వినదు. కానీ మన ఊళ్లో కూర్చుని మన వాళ్లు రాసిన మొదటి కన్సోల్ ఆటలవి. అవి ఉన్నవి డిస్కుల్లో. పీఎస్2 తయారీ 2013 మొదట్లోనే ఆగిపోయింది. ఆ డిస్కులు గీతలు పడి, కాలనీల్లో పాత పేపర్ల వాళ్లకు కేజీల లెక్కన వెళ్లిపోతే, ఇంకో పదేళ్లకు ఆ చరిత్ర మనకు లేనట్టే. హైదరాబాద్‌లో ఇప్పుడు ఇన్ని గేమ్ స్టూడియోలు ఉన్నాయి, ప్రభుత్వాలు గేమింగ్ గురించి సభలు పెడుతున్నాయి. ఆ రెండు డిస్కులను కాపీ తీసి, పక్కన నడిచే యంత్రం ఒకటి పెట్టి, ఒక గదిలో భద్రం చేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఏ విశ్వవిద్యాలయమైనా చేయొచ్చు. చేయాలి.

నా మటుకు నేను మొదలుపెట్టాను. నా పాత పీఎస్2 ఎప్పుడో చేతులు మారింది. రెండు నెలల క్రితం వరంగల్‌లో ఒకాయన తన సెట్ మొత్తం అమ్ముతుంటే దేశీ అడ్డా డిస్క్ కోసం అదంతా కొన్నాను. పెట్టె, రెండు రిమోట్లు, ఐదు డిస్కులు, ఒక మెమరీ కార్డు. దేశీ అడ్డా కవర్ మీద నీలం స్కెచ్ పెన్నుతో ఎవరో పిల్లాడు తన ఇంటిపేరుతో సహా పేరు రాసుకున్నాడు.

పెట్టగానే ఆట పలికింది. గాలిపటాలు ఆడాం, పాప గెలిచింది. సేవ్ చేయబోతే చోటు లేదంది. మెమరీ కార్డు తెరిచి చూస్తే 8 మెగాబైట్లూ నిండిపోయి ఉన్నాయి. పీఎస్2లో ఒక్కో సేవ్‌కు ఒక్కో చిన్న బొమ్మ ఉంటుంది, దాని మీదికి వెళ్తే తిరుగుతుంది. క్రికెట్ ఆటది ఒకటి, కుస్తీ ఆటవి రెండు, కార్లది ఒకటి. ఒకదాని మీద తేదీ 2011 మే నెల, రాత్రి 11 దాటాక. వేసవి సెలవులై ఉంటాయి.

"ఒకటి తీసెయ్ నాన్నా, మనది పెట్టుకుందాం" అంది పాప. కుస్తీ ఆటది ఒకటి తీసేస్తే సరిపోతుంది. వేలు మీట మీద పెట్టి చాలాసేపు ఉన్నాను. అన్నయ్య కట్టిన ర గుర్తొచ్చింది. వద్దులేమ్మా అన్నాను. మర్నాడు ఇంకో కార్డు తెచ్చాను. పీఎస్2కు కార్డులు పెట్టే చోట్లు రెండుంటాయి. ఆ పిల్లాడి కార్డు మొదటి దాంట్లోనే ఉంది, మాది రెండో దాంట్లో.